పికప్‌లు మార్చిన ఘనకార్యం

ఈ కథ చివర నేను మా సొసైటీ పార్కులో, పట్టపగలు, కాలనీ అంతటి ముందూ పరువు పోగొట్టుకుంటాను. ముందే చెప్పేస్తున్నాను, మధ్యలో నామీద ఎవరికీ ఆశలు పుట్టకూడదని.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. కాకినాడ నుంచి వచ్చి, నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, మయూర్ విహార్‌లో వరంగల్ ప్రతాప్‌తో కలిసి ఒక ఫ్లాట్‌లో అద్దెకుండేవాణ్ణి. నాకో ఎలక్ట్రిక్ గిటార్ ఉండేది. రేకు డబ్బాలో శనగలు పోసి ఊపితే ఎలా ఉంటుందో, అది అలా మోగేది. రెండేళ్ళు సాధన చేశాను. శనగలు శనగలే. ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. కానీ పాపం, ఆ పెద్దల కాలంలో మద్దెలకి స్పేర్ పార్టులు ఆన్‌లైన్‌లో దొరికేవి కావు. నాకు దొరికాయి.

గిటార్ తీగల కింద పికప్‌లని అయస్కాంతపు ముక్కలుంటాయి. నా గిటార్‌కి రెండు. తీగ కదలగానే అవి పసిగట్టి ఆ కబురును యాంప్‌కి, అంటే స్పీకరు పెట్టెకి, అందజేస్తాయి. నా వేళ్ళు పంపే కబురు దివ్యమైనదే, మోసేవాళ్ళే చేతకానివాళ్ళని తీర్మానించి రెండు కొత్త పికప్‌లు తెప్పించాను.

"షాపుల ఇస్తే వాళ్ళే పెడ్తరు గదరా," అన్నాడు ప్రతాప్.

"నేను ఇంజనీర్ని."

"కంప్యూటర్ ఇంజనీర్‌వి. మొన్న ట్యూబ్‌లైట్ మార్చనీకి ఎలక్ట్రీషియన్ భయ్యాని పిలిచినవ్."

"అది పైన ఉందిరా. ఇది ఒళ్ళోనే ఉంది కదా."

ఇలాంటి తర్కంతోనే మనిషి చెడిపోతాడు. మొదటి పికప్ తీగలు డబ్బాలో వచ్చిన బొమ్మలో చూపినట్టే అతికాను. రెండోదాని తీగల రంగులు బొమ్మలో లేవు. ఏది ఎటు అతకాలన్నది నా అంతరాత్మకి వదిలేశాను. నా అంతరాత్మ ఏ కాలేజీలో చదివిందో నేను విచారించలేదు.

ఇక యాంప్. మెట్రో ఎక్కి జనక్‌పురి వెళ్ళి, అక్కడి వాద్యాల దుకాణంలో అన్నిటికంటే పెద్దదాన్ని చూపించి అది కావాలన్నాను. తెల్లగడ్డం సర్దార్జీ నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇంట్లో వాయిస్తావా, పెళ్ళిళ్ళలోనా?"

"ఇంట్లోనే, అంకుల్."

"అయితే ఈ చిన్నది చాలు, బేటా. ఛార్జింగ్‌తో నడుస్తుంది. బ్లూటూత్ ఉంది, ఫోన్ దగ్గర్లో ఉంచుకుని పాట పెడితే ఇందులోంచే వస్తుంది, దాంతో కలిపి వాయించుకో. కానీ ముందు నీ గిటార్ ఒక్కదాన్నే పెట్టి విను."

"అచ్ఛా," అని తలూపి, ఆ చివరి మాట తప్ప అన్నీ ఇంటికి తెచ్చుకున్నాను.

రాగానే ఫోన్లో ఒక గిటార్ మాస్టారి వీడియో పెట్టాను. ఆయన డ్రమ్స్‌తో సహా ఒక హుషారైన బాణీ వాయిస్తుంటే నేనూ కలిశాను. పెట్టెలోంచి రెండు గిటార్లు వినబడ్డాయి. ఒకటి బొద్దుగా, నెయ్యి పోసిన ముద్దపప్పులా ఉంది. రెండోది చెవి దగ్గర దోమలా సన్నగా గీపెడుతోంది. కొత్త పికప్‌లు పెట్టినవాడిది దోమ మోత అయ్యే అవకాశమే లేదు కాబట్టి, దోమ ఆ మాస్టారిదని తేల్చాను. వీడియో ఆపి చూసుకోవచ్చు కదా అంటారేమో. అంత బాగా వస్తున్నదాన్ని ఎవరైనా ఆపుతారా?

పైగా నాకు ఆయనమీద జాలేసింది. "సార్, మీ గిటార్ సన్నగా మోగుతోంది, పికప్‌లు మార్చండి, నేను మార్చుకున్నాను," అని వీడియో కింద సలహా రాశాను. ఆయన రెండు చేతులు జోడించిన బొమ్మ పంపాడు. దాన్ని నేను కృతజ్ఞత అనుకున్నాను.

వంటింట్లోంచి ప్రతాప్ తొంగిచూశాడు. "మస్తుందిరా. నువ్వేనా?"

"మరెవరు?"

నాలుగు రోజులకి పై అంతస్తు కవితా ఆంటీ తలుపు తట్టింది. సొసైటీలో పాటలూ పండగలూ అన్నీ ఆవిడ చేతిమీదే జరుగుతాయి.

"బేటా, రోజూ సాయంత్రం గిటార్ మోగుతోంది, తుమ్ బజాతే హో?"

"నేనే, ఆంటీ."

"మన సొసైటీ బ్యాండ్‌కి గిటార్ వాయించేవాళ్ళు లేరు. ఆదివారం పార్కులో ఒక పాట వాయించు. అందరికీ నచ్చితే ఆ చోటు నీదే."

ఆ చోటు అప్పుడే నాదైపోయిందని కాకినాడకి ఫోన్ చేసి చెప్పాను. రిక్షాలకి అతికించే పోస్టరులో నా ఫోటో ఏ మూల బాగుంటుందో కూడా ఆలోచించాను.

ఆదివారం. చలికాలపు ఎండ. జనమంతా దుప్పట్లు పరుచుకుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు. నేను యాంప్ బల్లమీద పెట్టి, దానిమీద ఫోను పెట్టి, డ్రమ్స్ కోసమని మాస్టారి వీడియో మొదలుపెట్టాను. ముద్దపప్పు పార్కంతా పరుచుకుంది. ఒలిచే చేతులు ఆగిపోయాయి. కవితా ఆంటీ పక్కవాళ్ళకి నన్ను చూపిస్తోంది. నేను కళ్ళు మూసుకుని, నొప్పి తెలిసిన కళాకారుడిలా మొహం పెట్టాను.

ఇంతలో ప్రతాప్ చెవిలో అన్నాడు, "అదురుకి నీ ఫోన్ జారుతాందిరా. నా జేబుల ఏస్కుంటున్న."

వేసుకున్నాడు. తన ఫోనుతో నన్ను వీడియో తీస్తూ, జనమంతా పడాలని వెనక్కి, ఇంకా వెనక్కి నడిచాడు. జారుడుబల్ల దాటేసరికి డ్రమ్స్ తెగిపోయాయి. ముద్దపప్పు మాయమైంది. దోమ ఒక్కటే మిగిలింది.

కళ్ళు తెరిచాను. వేళ్ళు ఆపాను. దోమ ఆగింది. మళ్ళీ మీటాను. దోమ లేచింది.

ఏమైందోనని ప్రతాప్ ముందుకు పరిగెత్తుకొచ్చాడు. ముద్దపప్పు తిరిగొచ్చింది. నా చెయ్యేమో గాల్లోనే ఉంది. అయినా గిటార్ అద్భుతంగా మోగుతోంది. వాడు కంగారుపడి వెనక్కెళ్ళాడు, పాట పోయింది. ముందుకొచ్చాడు, వచ్చింది. పిల్లలకి ఇది పాటకంటే నచ్చి, వాణ్ణి చొక్కా పట్టుకుని అటూ ఇటూ లాగడం మొదలుపెట్టారు.

ముందు వరసలో ఒక పంజాబీ అంకుల్ వేరుశనక్కాయ పక్కనపెట్టి, మెల్లగా, ఏ ద్వేషమూ లేకుండా అన్నాడు: "బేటా, గిటార్ తో ఉస్‌కీ జేబ్ మే హై."

గిటార్ వాడి జేబులో ఉందట. పార్కు పార్కంతా నవ్వింది. నవ్వు ఆపుకోలేక కవితా ఆంటీ కుర్చీ పట్టుకుంది. ఎక్కడ దాక్కోవాలో తెలియక, చివరికి నేనూ నవ్వాను.

మర్నాడు గిటార్ విప్పిన సర్దార్జీ, రెండో పికప్ తీగలు తిరగేసి అతికానని చూపించాడు. రెండు పికప్‌లూ తోడికోడళ్ళలా ఒకదాని మాట ఒకటి కొట్టేసుకుంటున్నాయట, మిగిలిన కాస్తే ఆ దోమ అట. ఐదు నిమిషాల్లో సరిచేసి ఇచ్చాడు. ఇప్పుడు నా గిటార్ బొద్దుగా శనగలు వేయిస్తుంది.

ఆ సాయంత్రం కవితా ఆంటీ మళ్ళీ తలుపు తట్టింది. బ్యాండ్‌లో చోటిస్తుందేమోనని ఎదురెళ్ళాను. ఆవిడ నన్ను దాటి లోపలికి చూసింది.

"ప్రతాప్ బేటా ఉన్నాడా? వార్షికోత్సవానికి వాణ్ణి రమ్మను. ఫోను మర్చిపోవద్దని చెప్పు."

కాబట్టి, పంచభూతాల సాక్షిగా, ఛార్జర్ ముట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: బ్లూటూత్ ఆపి చూసుకోకుండా ఈ జన్మలో మళ్ళీ నన్ను నేను మెచ్చుకోను.