ఒంటి కొంగ

నా చిన్నప్పుడు నంద్యాలలో మా ఇంటికి ఎవరు వచ్చినా ముందు చూసేది హాల్లోని అద్దాల బీరువానే. అందులో మా తాత మద్రాసు నుంచి తెచ్చిన పింగాణి పూలకూజాల జత ఉండేది. తెల్లటి పింగాణి మీద నీలం కొంగలు. ఒక కూజా మీది కొంగ కుడికి చూస్తుంది, రెండో కూజా మీది కొంగ ఎడమకు చూస్తుంది. పక్కపక్కన పెడితే రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటాయి. వాటిని తుడిచే పని మా జేజి, అంటే మా నాయనమ్మ, ఎవరికీ ఇచ్చేది కాదు.

తాత పోయాక ఇల్లు అమ్మక తప్పలేదు. కొన్నది ఒక పత్తి వ్యాపారి. మా తాత రమ్మంటే తప్ప మా అరుగు ఎక్కని మనిషి. మేము సామాను కట్టుకుంటుండగా నలుగురిని వెంటేసుకొచ్చి బీరువా ముందు నిలబడ్డాడు.

“ఈ కూజాలు ఈడనే ఉండనీ పెద్దమ్మా. ఆళ్లగడ్డలో ఆ అద్దె కొంపలో యాడ పెట్టుకుంటావు? కోళ్లగంప మీదనా?”

వెంట వచ్చినవాళ్లు నవ్వారు. మా నాయన తల దించుకున్నాడు. ఆ దించిన తల నాకు ఈరోజుకీ కనిపిస్తుంది.

జేజి మాత్రం బీరువా తెరిచి, ఒక కూజాను పైటతో తుడిచి ఆయన చేతిలో పెట్టింది. “ఒకటి నువ్వు పెట్టుకో అప్పా. కొత్తింట్లోకి వస్తాండావు, వట్టి చేతుల్తో ఉండగూడదు” అంది. ఆయన పొంగిపోయాడు. రెండోదాన్ని ఆమె పాత చీరలో చుట్టి నా ఒళ్లో పెట్టింది.

ఆళ్లగడ్డ బస్సులో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. మమ్మల్ని ఎగతాళి చేసినవాడికి కానుక ఇస్తుందా అని నా కోపం. ఉండబట్టలేక చివరికి అడిగాను. “ఊరికే ఇచ్చినాననుకుంటాండావా? కూజా గట్టిగా పట్టుకో” అంది, అంతే.

ఆ మాట అర్థం కావడానికి మరుసటి ఎండాకాలం దాకా పట్టింది. ఒక మధ్యాహ్నం ఆ వ్యాపారి మా సందు వెతుక్కుంటూ వచ్చాడు. జేజి ఆయనను గోడగూటికి ఎదురుగా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. గూట్లో మా కొంగ ఉంది.

“ఇంటికొచ్చిన ప్రతివోడూ దీని జత యాడ అని అడుగుతాండాడు పెద్దమ్మా. పాతోళ్ల కాడ ఉండాదని చెప్పాల్సొస్తాంది. ఇల్లు నాది, పేరు మీది! దాచిపెడదామంటే మా ఇంటామె ఒప్పుకోదు. ఎంతన్నా ఇస్తా, ఇది నాకిచ్చెయ్. ఒంటిది నీకు మాత్రం ఏం పనికొస్తాది?”

“దేనికీ పనికిరాదప్పా. కానీ నష్టం మాకు అలవాటైపోయింది. నీకింకా కొత్త.”

ఆయన సగం కాఫీ వదిలేసి లేచాడు. మా నాయన తలెత్తి నవ్వడం చాలా రోజుల తర్వాత అప్పుడే చూశాను. రెండు కూజాలూ మేమే తెచ్చుకుని ఉంటే ఆయన మమ్మల్ని నెల తిరక్కుండా మరిచిపోయేవాడు. జేజి ఒకటి ఇచ్చి, మరిచిపోయే వీలు లేకుండా చేసింది.

పెద్దయ్యాక నాకు కూజాల పిచ్చి పట్టింది. తాత కాలంనాటివి ఎక్కడ కనబడినా తెచ్చాను. సన్న మెడ పచ్చగాజువి, అంచులు రుమాలులా మడతలు పడ్డవి, లోపల గాలిబుడగలు చిక్కుకున్న బరువైనవి ఇప్పుడు మా గోడ నిండా ఉన్నాయి. చోటు చాలక ఒకదానికొకటి తగిలేలా సర్దాను. నడిమి అరలో మాత్రం కొంగ ఒక్కటే ఉంటుంది. దాని పక్కన మరో కూజా పట్టేంత చోటు ఖాళీ.

ఈమధ్య ఆ వ్యాపారి మనవడు వచ్చాడు. నంద్యాల ఇల్లు పడగొడుతున్నారట. గుడ్డలో చుట్టి తెచ్చిన కూజాను విప్పి చూపించాడు. “మా తాత పొయ్యేముందు గూడా దీని జతనే తలుచుకున్నాడు సార్. దుడ్లేం వద్దు. ఇట్లన్నా రెండూ ఒకచోట ఉండనీండి” అన్నాడు. ఖాళీ చోటు చూసి, “ఈడ పెట్టేదా?” అని అడిగాడు.

ఆ కొంగను చూడగానే నా చేతులు ముందుకు పోయాయి. అంతలో నాయన దించిన తల గుర్తొచ్చింది. చేతులు వెనక్కి కట్టుకున్నాను.

“అది మా జేజి మీ తాతకిచ్చింది అప్పా. ఇచ్చింది మేం వెనక్కి తీసుకోం. కాఫీ తాగిపో.”

అతను కాఫీ తాగి, కూజాను మళ్లీ గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ ఖాళీ చోటు మా జేజి నాకిచ్చిన ఆస్తి. దాన్ని రోజూ నేనే తుడుస్తాను. ఆ పని ఎవరికీ ఇవ్వను.