టవరాయన టైర్లు మార్చిన సంగతి

ఆసుపత్రి వాచ్‌మన్ వచ్చి భుజం తట్టేసరికి అతను ఎవరిదో కారు వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చుని, టైరు గాడిలో వేలు పెట్టి లోతు చూస్తున్నాడు.

“ఏం చేస్తున్నావయ్యా ఇక్కడ?”

“ఏం లేదు బాబూ. ఊరికే చూస్తున్నా.”

“చూడ్డానికి కళ్లు చాలవా? వేళ్లెందుకు?”

అతను వేలు గాడిలోంచి వెనక్కి తీసుకున్నాడు. అంతలో డ్యూటీ దిగిన అతని భార్య చేతిసంచీ భుజాన వేసుకుని మెట్లు దిగుతూ ఈ వ్యవహారం చూసింది.

“మా ఆయనేనండీ. దొంగ కాదు. దొంగే అయితే ఏది ఎత్తుకుపోవాలో ఈపాటికి తేల్చుకునేవాడు. ఈయనకి అదే చేతకావడం లేదు.”

వాచ్‌మన్ నవ్వాడు. అతను నవ్వలేదు. మోకాళ్లు దులుపుకుంటూ లేచి, “ఆ గాడులు చూశావా, ఎంత సన్నగా ఉన్నాయో! వానలో తారు మీద కరుచుకుని పోతాయి. కానీ రాయి తగిలిందంటే పక్కన చీరుకుపోతాయి,” అన్నాడు.

“ముందు బండెక్కండి,” అందామె.

వీధిలో అందరూ అతన్ని టవరాయన అంటారు. సెల్‌ఫోన్ టవర్ల బాగోగులు చూడటం అతని పని. హైవే పొడుగునా పొలాల్లో కొన్ని, కొండల మీద కొన్ని, మొత్తం ఒక చుట్టు. ఎక్కడైనా టవరు ఆగిపోతే అతని ఫోన్లో ఎర్రచుక్క వెలుగుతుంది. అది వెలిగితే అతను ఇంట్లో ఉండడు. వెలగకపోతే ఎందుకు వెలగలేదా అని చూసుకుంటూ ఉంటాడు. కంచం ముందు కూర్చున్నా ఒక కాలు గుమ్మం వైపే ఉంటుంది. కాలుగాలిన పిల్లి అని అత్తగారు ఒకసారి అంటే, “పిల్లి నయం అమ్మా, అది మధ్యాహ్నమైనా పడుకుంటుంది,” అంది కూతురు.

ఆ కూతురే, అంటే అతని భార్య, పట్నంలో పెద్దాసుపత్రిలో ఫోన్ల దగ్గర పనిచేస్తుంది. పొద్దస్తమానం చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని, ఏ డాక్టరు ఎప్పుడుంటాడో అడిగేవాళ్లకి చెప్పడం. ఉదయం అతను ఆమెను హైవే మీద పట్నంలో దించి తన చుట్టుకు పోతాడు, సాయంత్రం మళ్లీ ఎక్కించుకుంటాడు. వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చునేది ఆ ప్రయాణంలోనే. ఇంటికొస్తే ఆమె వంటింట్లో, అతను వాకిట్లో.

బండి పాత ఎస్‌యూవీ. నాలుగు చక్రాలూ లాగే రకం. దానికి కొండదారి కోసమని అతను పోయినసారి పెద్దపెద్ద రబ్బరు దిమ్మలున్న మట్టి టైర్లు వేయించాడు. కొండ మీద అవి బ్రహ్మాండంగా పట్టాయి. హైవే ఎక్కితే మాత్రం తేనెపట్టు కదిపినట్టు ఒకటే హోరు. అరిగేకొద్దీ ఆ హోరు ఇంకా పెరిగింది. ఒక సాయంత్రం ఆమె “ఉప్పు అయిపోయింది” అంటే, అతను ఉలిక్కిపడి “ఎవరు? ఎవరు అయిపోయారు?” అని బండి పక్కకు లాగాడు. ఆ రోజు ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత తర్వాత ఆమె ఏమీ చెప్పడం మానేసింది. తల కిటికీకి ఆనించి కళ్లు మూసుకునేది. అప్పటికే చెవులు ఊళ్లోవాళ్ల రోగాలతో నిండిపోయి ఉండేవి.

ఇప్పుడు ఆ టైర్లు అరిగిపోయాయి. మార్చక తప్పదు. ఏవి వేయాలన్నదే తేలలేదు.

తలా ఒక మాట చెప్పారు. భార్య మొదట్నించీ రోడ్డు టైర్లే వేయించమంటోంది. అతని బావమరిది ఫోన్లో వీడియోలు చూసి చూసి ప్రతిదానికీ సలహా ఇచ్చే రకం. “బావా, సింపుల్. ముందు రెండు రోడ్డువి, వెనక రెండు మట్టివి వేసెయ్. రెండూ కలిసొస్తాయి,” అన్నాడు. హైవే టవర్లు చూసే తోటి మెకానిక్ రోడ్డు టైర్లే అన్నాడు. కొండ కింద డీజిల్ అమ్మేవాడు మట్టి టైర్లు లేకపోతే ఈ కొండెక్కొద్దన్నాడు. విన్నంతసేపూ ప్రతివాడి మాటా నిజమే అనిపించేది, ఇంటికొచ్చేసరికి ఏదీ నిజం కాదనిపించేది. కప్పకీ పాముకీ మధ్య తీర్పు చెప్పాల్సొచ్చినట్టు అయింది అతని పని. పార్కింగుల్లో పరాయి బండ్ల టైర్లు తడిమి చూసే అలవాటు అప్పుడే మొదలైంది.

“మీనమేషాలు లెక్కపెట్టింది చాలు,” అని ఆమె ఒక సెలవురోజు పొద్దున్నే తయారై బండిలో కూర్చుంది. “ఈరోజు షాపుకి పోతున్నాం. ఏదో ఒకటి వేయించుకునే వస్తున్నాం.”

ముందు రోజు సాయంత్రం నుంచి ముసురు పట్టి ఉంది. వీధి మలుపు దాటారో లేదో ఫోన్లో ఎర్రచుక్క వెలిగింది. పెద్దకొండ టవరు.

ఆమెకు అతని మొహం చూడక్కర్లేకుండానే అర్థమైంది.

“ఇలా పైకెళ్లి అలా వచ్చేద్దాం,” అన్నాడతను. “దారిలోనేగా.”

“దారిలో కాదు. కానీ పదండి. లేకపోతే షాపులో మీ ఒళ్లుంటుంది, మనసుండదు.”

ఎక్కేటప్పుడు బండి బాగానే ఎక్కింది. పైన జనరేటర్ దగ్గర వైరు ఎలక కొరికింది. అతను తడుస్తూ దాన్ని బాగుచేశాడు. ఎర్రచుక్క ఆకుపచ్చగా మారింది. అతని ఊపిరి కుదుటపడింది, వాన మాత్రం ముదిరింది.

దిగేటప్పుడు మూడో మలుపు దగ్గర నేల బంకమట్టి. అరిగిన గాడుల్లో ఆ బంక కూరుకుపోయి టైరు గుండులా నున్నగా తయారైంది. అతను బ్రేకు మీద కాలు పెట్టాడు. చక్రాలు ఆగాయి, బండి ఆగలేదు. మెల్లగా, ఏదో మర్యాదకి పక్కకు తప్పుకుంటున్నట్టు, లోయ వైపు జారడం మొదలుపెట్టింది. అతను బ్రేకు వదిలి స్టీరింగు కొండ వైపు తిప్పేశాడు. ముందు చక్రం కొండపక్క కాలవలోకి దబ్బున దిగి, బండి వాలిపోయి నిలబడింది.



“నీకేం కాలేదు కదా?” అన్నాడు.

“మోకాలు కొట్టుకుంది. మీకు?”

అతను అప్పటికే తలుపు తీసుకుని దిగిపోయాడు. చక్రం కింద రాళ్లు పెట్టాడు, కొమ్మలు విరిచి వేశాడు, కాళ్ల కింది మ్యాట్లు లాగి పరిచాడు. మళ్లీ ఎక్కి రివర్సు వేస్తే చక్రం తిరిగి మ్యాటును బయటికి విసిరికొట్టింది. మళ్లీ దిగాడు, మళ్లీ రాళ్లు. మోచేతుల దాకా మట్టి. ఆమె గొడుగు వేసుకుని రోడ్డు పక్క బండరాయి మీద కూర్చుని చూస్తోంది.

“మీ బావమరిదికి ఫోన్ చేశాను,” అందామె చివరికి. “కింద ఊళ్లో ట్రాక్టరు మాట్లాడుకుని వస్తానన్నాడు. సిగ్నల్ నిండుగా ఉంది. ఇప్పుడే బాగుచేశారుగా.”

“వాడొచ్చేలోపు నేను...”

“వాడొచ్చేలోపు మీరు ఇక్కడ కూర్చోండి.”

అతను వచ్చి కూర్చున్నాడు. కానీ కాలు ఆడుతూనే ఉంది. ఆమె ఆ మోకాలి మీద చెయ్యి పెట్టి నొక్కిపట్టింది.

“ఒక్క టవరు కాసేపు ఆగితే ఏమవుతుందండీ? నిజంగా అడుగుతున్నా.”

 అతను లోయలోకి చూస్తూ చెప్పాడు. “పాపకి చిన్నప్పుడు జ్వరం వచ్చింది గుర్తుందా? నువ్వు మీ అమ్మగారింట్లో ఉన్నావు. నేను ఆ అవతలి కొండ మీద. జ్వరమని నువ్వు ఫోన్లో చెబుతుండగానే టవరు పోయింది. ఆ తర్వాత నీ ఫోన్ రాలేదు, నా ఫోన్ పోలేదు. తీరా నేనొచ్చేసరికి...”

“వచ్చేసరికి అది అరుగు మీద బొమ్మలతో ఆడుకుంటోంది. జ్వరం ఎప్పుడో తగ్గిపోయింది.”

“అవును. ఏమీ కాలేదు. కానీ కొండ దిగి ఊరొచ్చేదాకా ఆ దారంతా నాకెలా గడిచిందో నాకే తెలుసు. ఎర్రచుక్క కనపడితే మళ్లీ ఆ దారిలోనే ఉన్నట్టు ఉంటుంది. కింద ఎవడో ఒకడు ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడి ఉంటాడనిపిస్తుంది.”

పాపకిప్పుడు కాలేజీ చదువు. ఇన్నేళ్లలో ఆ సంగతి అతను ఎత్తడం అదే మొదలు. ఆమె గొడుగు అతని వైపు జరిపింది.

“ఇది నాకు బండిలో చెప్పొచ్చుగా?”

“బండిలో ఏం వినబడుతుంది నీకు!”

“అదే నేను ఇన్నాళ్లూ మొత్తుకుంటున్నది,” అందామె. “నాకు మెత్తగా ఉండాలని కాదు రోడ్డు టైర్లు అడిగింది. రోజంతా ముక్కూమొహం తెలియనివాళ్ల మాటలు వింటాను. మీ మాట వినబడే టైము అదొక్కటే. అది కాస్తా టైర్లు తినేస్తున్నాయి.”

ట్రాక్టరు వచ్చింది. దాని వెనక బావమరిది, వాన కోటు, మెడలో తాడు. “బావా, నేను ముందే చెప్పానా?” అంటూ దిగాడు. ఏం చెప్పాడో ఎవరూ అడగలేదు.

మర్నాడు ఇద్దరూ సెలవు పెట్టి షాపుకి వెళ్లారు. షాపు యజమానురాలిని అందరూ టైర్లక్క అంటారు. కళ్లజోడు తలమీదికి తోసుకుని, రబ్బరు వాసనలో పుట్టి పెరిగినట్టు ఆ టైర్ల గుట్టల మధ్య తిరుగుతూ ఉంటుంది. అతను బావమరిది ఉపాయమే ముందు బయటపెట్టాడు. ముందు రెండు అవి, వెనక రెండు ఇవి.

“అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే ఎలా బాబూ?” అంది టైర్లక్క. “నాలుగు చక్రాలూ కలిసి లాగే బండి మీది. రెండు ఒక రకంగా, రెండు ఇంకో రకంగా లాగితే ఎటు పోతుందో దానికే తెలీదు. అది సరే, బండి ఎక్కడెక్కడ తిరుగుతుంది?”

“సగం కొండ, సగం రోడ్డు,” అన్నాడతను వెంటనే.

భార్య ఫక్కుమని నవ్వింది.

“సగమా? పొద్దున్న పట్నం, సాయంత్రం పట్నం. హైవే టవర్లన్నీ తారు పక్కనే. కొండెక్కేది వారానికొకసారి, మహా అయితే రెండుసార్లు. మీ మనసు ఎప్పుడూ కొండ మీదుంటుంది కాబట్టి బండి కూడా అక్కడే ఉందనుకుంటున్నారు.”

అతను కాదనబోయి ఆగాడు. వేళ్ల మీద వారం రోజులూ తిరగేసుకున్నాడు. మళ్లీ తిరగేసుకున్నాడు. మొహం కొంచెం చిన్నబోయింది.

“మరైతే రోడ్డువే వేసెయ్యండి,” అన్నాడు నీరసంగా.

“నిన్న కొండ మీద జారింది మర్చిపోయారా?” అంది ఆమె. “తక్కువసార్లు ఎక్కుతామన్నానుగానీ అసలే ఎక్కం అనలేదు.”

టైర్లక్క లోపలికెళ్లి ఒక టైరు దొర్లించుకొచ్చి వాళ్లముందు నిలబెట్టింది. మధ్యలో దిమ్మలు దగ్గరదగ్గరగా, సన్నటి గీతలతో ఉన్నాయి. అంచుల్లో ఎడంగా, మొరటుగా ఉన్నాయి. పక్కగోడ దళసరి. “ఇది మధ్యరకం. తారు మీద గోల తక్కువ, వానలో బ్రేకు బాగా పడుతుంది. కంకర రోడ్డుకీ, మామూలు మట్టికీ తట్టుకుంటుంది. తడి బంకమట్టిలో మాత్రం మీ పాతవాటిలా పట్టదు. అబద్ధం చెప్పను.”

అతను ముందుకు వంగి గాడిలో వేలు పెట్టాడు. పక్కగోడ నొక్కాడు. చుట్టూ తిరిగాడు. తయారైన తేదీ చదివాడు. ఇంకో టైరు దగ్గరికెళ్లి, మళ్లీ దీని దగ్గరికొచ్చాడు. టైర్లక్క ఈలోగా ఇంకొకరికి పంచరు వేయించి పంపేసింది.

“తడి బంకమట్టి ఆ ఒక్క మలుపులోనే ఉంది,” అన్నాడు చివరికి, తనలో తను అనుకుంటున్నట్టు. “దానికి ముందు బండి ఆపేసి నడిచి ఎక్కొచ్చు.”

“మీరు నడుస్తారా?”

“ఎటూ కూర్చోలేను కదా,” అన్నాడు. ఆమెకు ఎక్కడలేని నవ్వొచ్చింది.

నాలుగూ వేయించారు. అలైన్‌మెంట్ చేస్తున్నంతసేపూ అతను బండి కింద తలపెట్టి చూస్తూనే ఉన్నాడు. తర్వాత వాన పడ్డ రోజుల్లో నిజంగానే మలుపు కింద బండి ఆపి, సామాన్ల సంచీ భుజాన వేసుకుని నడిచి ఎక్కడం మొదలుపెట్టాడు. రెండోసారి కాలు జారి పడ్డాడు కూడా. పట్టుదలగా లేచాడు. ఎర్రచుక్క ఆకుపచ్చగా మారడానికి కొంచెం ఆలస్యమైంది. అందుకు ఎవరూ ఫోన్ చేసి తిట్టలేదు. ఆ సంగతి అతనికి వింతగానే ఉంది.

కొత్త టైర్ల మీద మొదటి సాయంత్రం ఆమెను ఎక్కించుకోవడానికి వెళ్లేటప్పుడు, చెప్పాల్సిన కబుర్లు నాలుగు మనసులో పేర్చుకుని పెట్టుకున్నాడు. ఆమెను ఎక్కించుకుని హైవే ఎక్కాడు. హోరు లేదు. బండి నీళ్ల మీద తెప్పలా పోతోంది. మొదటి కబురు మొదలుపెట్టి పక్కకు చూశాడు. ఆమె సీటు వెనక్కి వాల్చుకుని, నోరు కొంచెం తెరిచి, గాఢంగా నిద్రపోతోంది.

అతను నోరు మూసుకున్నాడు. కాసేపటికి ఆ నిశ్శబ్దంలో ఏదో కిర్రుమంది. మళ్లీ కిర్రుమంది. డాష్‌బోర్డు లోపలా? తలుపులోనా? ఒక చేత్తో ఇక్కడ నొక్కాడు, అక్కడ నొక్కాడు. గ్లవ్ బాక్స్ తెరిచి మూశాడు.

“అది ఎప్పట్నించో ఉంది,” అందామె కళ్లు తెరవకుండానే. “మీకే ఇవాళ వినబడింది.”

“ఎక్కణ్ణించి వస్తోంది?”

“నాకు తెలీదు. మీరు రోడ్డు చూడండి.”

అతను రోడ్డు చూశాడు. చెవి మాత్రం డాష్‌బోర్డు దగ్గరే ఉండిపోయింది.