ఎర్ర సున్నాలో మల్లేశం

2023 ఎండాకాలం. సంగారెడ్డి పోతిరెడ్డిపల్లిలో సెల్‌ఫోన్ల దుకాణం పైన రెండు గదులు కిరాయికి తీసుకుని నడిచే ఒక వార్తా సంస్థలో నేను డెస్క్ ఇన్‌చార్జిని. డెస్క్ అంటే రిపోర్టర్లు పంపిన వార్తను సరిచూసి, తిరగరాసి, బయటికి వదిలే చోటు. మాకు పేపరు లేదు, ప్రెస్సు లేదు. ఒక వెబ్‌సైటు, ఒక వీడియో ఛానల్, కొన్ని వాట్సాప్ గ్రూపులు, అంతే. అంతకుముందు చాలా ఏళ్లు ఒక పత్రిక జిల్లా పేజీల్లో పనిచేశాను. ఆ పేజీలు తగ్గుతూ తగ్గుతూ ఒక్కటి మిగిలాక నన్ను ఇంటికి పంపారు. పొద్దుపోక ఇక్కడ చేరానని చుట్టాలకు చెప్పాను గానీ, చేరింది జీతం కోసమే.

ఇలాంటి సంస్థలు ఈ చుట్టుపక్కల వానాకాలం పుట్టగొడుగుల్లా వచ్చాయి. పటాన్‌చెరులో ఏ నాయకుడైనా ప్రెస్‌మీట్ పెడితే మైకుల చాటున ఆయన ముఖం కనబడదు. మొదలుపెట్టడానికి ఒక ఫోను, ఒక లోగో చాలు. నడపడమే తలకు మించిన పని. చూసేవాళ్లు వార్తకు పైసా ఇవ్వరు. వ్యూస్ మీద, అంటే ఎంతమంది చూశారన్న లెక్క మీద వచ్చే డబ్బు కరెంటు బిల్లుకే చాలదు. మమ్మల్ని బతికించేది నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షలు, తెల్లాపూర్ వైపు లేచే అపార్ట్‌మెంట్ల ప్రకటనలు. అవి ఇచ్చేవాళ్లు కూడా ముందు అడిగేది వ్యూసే. అందుకని మా దగ్గర వార్త కన్నా థంబ్‌నెయిల్‌కు మర్యాద ఎక్కువ. వీడియో తెరవకముందు కనిపించే బొమ్మను థంబ్‌నెయిల్ అంటారు. దాని మీద ఒక ముఖం ఉండాలి, ముఖం చుట్టూ ఎర్ర సున్నా ఉండాలి, పక్కన ప్రశ్నార్థకం ఉండాలి. ప్రశ్నార్థకం ఉంటే కేసు పడదని మా ఎండీ నవీన్ నమ్మకం.

ఒక మధ్యాహ్నం ఖాకీ చొక్కా వేసుకున్న ఒకాయన మెట్లెక్కి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మేడం, నేను దొంగనా?" అన్నాడు.

ఫోను తీసి చూపించాడు. మా ఛానల్ బొమ్మే. ఎర్ర సున్నాలో ఆయన ముఖం. పక్కన "బస్సులో దొంగ ఇతడేనా?" అని అక్షరాలు.

ఆ వార్త నేనే రాశాను కాబట్టి సంగతి వెంటనే తెలిసింది. ఆయన పేరు మల్లేశం. బొల్లారంలో ఒక మందుల కంపెనీకి షిఫ్ట్ బస్సు నడుపుతాడు. ఆ కంపెనీలో ఫోన్లు లోపలికి తీసుకుపోనివ్వరు. అందుకని పనివాళ్లు సంచుల్లో పెట్టి బస్సులోనే వదిలి వెళ్తారు. అవి ఒక్కొక్కటే మాయమవుతుంటే, మల్లేశం వెనక సీట్లో దాక్కుని కాపు కాసి, దొంగను పట్టి పోలీసులకు అప్పగించాడు. నేను అలాగే రాశాను. ప్రెస్‌మీట్‌లో పోలీసులు ఆయన్ను మెచ్చుకుని పక్కన నిలబెట్టి ఫోటో తీయించారు. దొంగ ముఖానికి మాత్రం నల్లగుడ్డ కట్టారు. మాకు థంబ్‌నెయిళ్లు చేసే అతను ఇంట్లో కూర్చుని ఎన్నో ఛానళ్లకు చేస్తాడు, వార్త చదివే తీరిక ఉండదు. అతనికి ఒక ముఖం కావాలి. ఆ ఫోటోలో పోలీసుది కాకుండా తెరిచి ఉన్న ముఖం ఒక్కటే. దానికి సున్నా చుట్టాడు.

"గాయన ఉంటే మా ఫోన్లు బస్సుల పెట్టం అంటున్నరు మేడం ఆడోళ్లు. బస్సు కాంట్రాక్టర్ తాళాలు గుంజుకొని తనే నడుపుతుండు. పేరు సాఫ్ చేసుకొని రా, లేకుంటే వేరేటోన్ని పెట్టుకుంట అన్నడు. నా బిడ్డ ఇంటర్ల ఉన్నది. నాకు స్టీరింగ్ తప్ప ఇంకో పని రాదు."

నవీన్ గదిలోకి తీసుకెళ్లాను.

"లోపల కరెక్టే చెప్పినం కదా అన్నా. సూడకుంటే మేమేం చెయ్యాలె?" అన్నాడు నవీన్.

"లోపలికి పోయి ఎవరు సూస్తరు సారూ? పైన బొమ్మ సూసి పంపుతనే ఉన్నరు."

ఆ నెలలో మాకు అన్నిటికన్నా ఎక్కువ నడుస్తున్న వీడియో అదే. తీసేస్తే తన వేలితో తన కన్నే పొడుచుకున్నట్టని నవీన్ బాధ. నేను గట్టిగా పట్టుబడితే బొమ్మ మార్చడానికి ఒప్పుకున్నాడు. మార్చాం. అప్పటికే పాత బొమ్మ బొల్లారం గ్రూపులన్నీ తిరిగేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. మర్నాడు "మల్లేశం నిజాయితీపరుడు" అని వివరణ వీడియో పెట్టాం. దాన్ని మా ఇంట్లోవాళ్లు కూడా చూడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది, ఎవరి మీద మండిపడాలో మాత్రం తెలియలేదు.

మల్లేశం మళ్లీ వచ్చాడు. ఈసారి ఉపాయంతో వచ్చాడు.

"మేడం, ఓ పని చేద్దమా? గదే ఎర్ర సున్నా పెట్టుండ్రి. దొంగ ఇతడేనా అని గట్లనే రాయుండ్రి. గది సూసి జనం ఒత్తుతరు. లోపల నేను దొంగను కాదని చెప్పుండ్రి."

నేను వద్దన్నాను. నవీన్ ఎగిరి గంతేశాడు. "అన్న దిమాఖ్ సూడుండ్రి మేడం!" అన్నాడు. ఇద్దరూ ఒకటయ్యాక నా మాట చెల్లలేదు.

వీడియో నిజంగానే నడిచింది. దుబాయ్ నుంచి కూడా కామెంట్లు వచ్చాయి. బొల్లారంలో చూడాల్సినవాళ్లు మాత్రం బొమ్మ దగ్గరే ఆగిపోయారు. సాయంత్రం మల్లేశం ఫోన్ చేశాడు.

"మేడం, మళ్ల ఏం దొంగతనం చేసినవ్‌రా అని కాంట్రాక్టర్ అడుగుతుండు. ఎల్లుండి నుంచి కొత్త డ్రైవరంట."

మర్నాడు సెలవు పెట్టి, ఆయన్ను వెంటబెట్టుకుని షిఫ్ట్ వదిలే వేళకు బొల్లారం వెళ్లాను. బస్సు గేటు బయటే ఉంది, పనివాళ్లు ఎక్కి కూర్చున్నారు. డ్రైవర్ సీట్లో కాంట్రాక్టర్ ఉన్నాడు. రెండు మాటలు చెప్పి దిగిపోతానంటే, "జల్దీ కానియ్యుండ్రి మేడం" అన్నాడు. మల్లేశం పైకి రాలేదు, మెట్ల దగ్గర నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు.

ఇన్నేళ్లు రాయడమే గానీ, ఎదురుగా కూర్చున్నవాళ్లకు వార్త నోటితో చెప్పడం నాకు అదే మొదలు. దొంగ ముఖానికి గుడ్డ ఎందుకుందో, ఈయన ముఖానికి ఎందుకు లేదో, సున్నా ఎవరు చుట్టారో, అది చుట్టిన సంస్థ నుంచే వచ్చానని కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. ఒకరిద్దరు నన్ను బాగానే తిట్టారు. తిట్టనిచ్చాను.

ముందు వరసలో ఒకామె చివరికి అడిగింది: "పోలీసోళ్లు నా ఫోన్ నాకు ఇచ్చిండ్రు గానీ, పట్టిచ్చింది ఎవరో చెప్పలే. గీయననా మేడం?"

"ఈయనే."

ఆమె చేతిలో ఉన్న ఫోను వంక చూసుకుంది. "గీ ఫోన్‌ల నుంచే గాయన ఫోటో మా గల్లీల అందరికి పంపిన" అంది. లేచి మెట్ల దాకా వచ్చి, "అన్నా, పైకి రా" అంది. కళ్లనిండా నీళ్లున్నాయి.

కాంట్రాక్టర్ సీట్లోంచి లేచి పక్కకు జరిగాడు.

మర్నాడు ఆఫీసులో జరిగింది చెబితే నవీన్ అడిగిన మొదటి మాట: "బస్సుల వీడియో తీసినరా మేడం? మస్తు నడుస్తుండె." తీయలేదన్నాను. పాపం, చాలా బాధపడ్డాడు.

ఇంకా అక్కడే పనిచేస్తున్నాను. థంబ్‌నెయిల్ నేను చూశాకే పోవాలని ఒప్పించుకున్నాను. దాంతో పక్క ఛానళ్ల కన్నా వెనకబడుతున్నామని నవీన్ రోజూ సణుగుతాడు. పొద్దున లేవగానే వ్యూస్ చూసేది నేను కూడా, జీతం అందులోంచే రావాలి మరి. కానీ ఒక మనిషి పేరు పోయినప్పుడు, అతనితో రోజూ కలిసి తిరిగేవాళ్లు ఎక్కడున్నారో వెతుక్కుంటూ వెళ్లి చెప్పిరావడం కూడా వార్త పనేనని ఆ రోజు తెలిసింది. దానికి వ్యూస్ రావు. ఆటో ఛార్జీలు కూడా మనమే పెట్టుకోవాలి.