రిసీవర్‌కి తగలని దిష్టి

రేడియో, యాంప్లిఫయర్ కలిసుండే పాత స్టీరియో రిసీవర్లు కొని బాగుచేసుకోవడం నా పిచ్చి. ఆర్నెల్లు కుస్తీపట్టి పాడించిన ఓ భారీ రిసీవర్‌ను చూడాలని, నాలాగే అవి పోగుచేసే పెద్దాయన ఒకరు విశాఖ నుంచి అరకులోని మా ఇంటికి వచ్చారు. "నా దగ్గర ఇలాంటిది లేదండీ" అంటూ రెప్ప వేయకుండా చూశారు.

గర్వంగా సౌండు పెంచాను. కాసేపటికి రిసీవర్ పైన గాలాడే కంతల్లోంచి పొగ లేచింది. ఆర్నెల్ల కష్టం కాలిపోతోందని ప్లగ్గు పీకేసరికి ఘాటు నషాళానికంటింది. ఇద్దరం దగ్గుతూ వీధిలోకి పరుగెత్తాం.

"మంచుకి మిరపకాయలు మెత్తబడిపోతే, నిన్న దాని మీద వెచ్చగుంటాదని ఆరబెట్టాను. కొన్ని కంతల్లోకి జారిపోనాయి కాబోలు" అంది మా ఆవిడ.

పక్కింటి అప్పలమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "దిష్టి తీత్తన్నారేటి బాబూ? ఇంత ఘాటొచ్చిందంటే దిష్టి తగల్నేదులే" అంది.

పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ, "విన్నారుగా, నా కన్ను మంచిదే" అన్నారు.

రిసీవర్ బతికింది. ఇప్పటికీ సౌండు పెంచితే, పాటకన్నా ముందు నాకు తుమ్మొస్తుంది.