డిక్కీలో దీపం

మస్కట్‌లో ఉండేవాళ్లకి వేసవి సెలవులంటే ముందు టికెట్ల బెంగ, తరువాత కారు బెంగ. పిల్లల బడి మూసెయ్యగానే ఇంటిల్లిపాదీ ఇండియాకి ఎగిరిపోతాం. కారు మాత్రం రూవిలో మా బిల్డింగు వెనక, గులకరాళ్ల ఖాళీ స్థలంలో ఆ ఎండలో పడి ఉంటుంది. బ్యాటరీ చచ్చిపోకుండా ఎవరో ఒకరు వారానికోసారి స్టార్ట్ చేసి కాసేపు ఉంచాలి. అందుకని ఇక్కడి తెలుగువాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. ఊరెళ్లేవాళ్లు ఉండేవాళ్లకి తాళం ఇచ్చి వెళ్తారు. వచ్చేటప్పుడు వాళ్ల కోసం ఇంటినుంచి ఏదో ఒకటి పట్టుకొస్తారు.

కిందటి వేసవిలో మా తాళం కింది ఫ్లాట్‌లో ఉండే అక్కకి ఇచ్చాను. తోడబుట్టిన అక్క కాదు. జగిత్యాల వైపు మనిషి, భర్త ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో ఫోర్‌మన్. మాది కాకినాడ. మా ఇద్దరి యాసలూ కలవవు, వంటలూ కలవవు. అయినా ఈ ఊళ్లో నాకు జ్వరం వస్తే అడక్కుండా జావ కాచి పంపే మనిషి ఆవిడ ఒక్కతే. అప్పుడే డ్రైవింగు క్లాసుల్లో చేరింది. ఇక్కడ లైసెన్సు రావడమంటే మాటలు కాదు. డ్రమ్ముల మధ్య కారు వెనక్కి తీసి చూపించాలి, తరువాత పోలీసుని పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డు మీద నడపాలి. ఏళ్ల తరబడి కూరగాయలకి కూడా బేసా బస్సు అనే షేరింగు వ్యాను కోసం ఎండలో నిలబడిన మనిషి, భర్తని ఎలాగో ఒప్పించుకుంది. మా తాళం అందుకుంటూ, స్టార్ట్ చేయడమన్నా చేతికి అలవాటవుతుందని మురిసిపోయింది.

ఆగస్టు చివర్లో తిరిగొచ్చాం. సామాను ఇంట్లో పడేసి తాళం కోసం కిందికి వెళ్లాను. అక్క తలుపు తీసింది కానీ నా మొహంలోకి చూడలేదు. మా అమ్మ ఎలా ఉందని కూడా అడగలేదు. లోపలికెళ్లి, రుమాల్లో ముడేసి దాచిన తాళం తెచ్చింది.

"బండి నా చేతుల సచ్చిపోయింది చెల్లె," అంది.

మేం వెళ్లాక వారం దాటి మొదటిసారి తాళం తిప్పిందట. ఒక్క చప్పుడు లేదట. భర్తని పిలిస్తే ఆయనా తిప్పి చూసి, పరాయివాళ్ల బండి, మనం గెలికితే ఇంకేదో అవుతుంది, వాళ్లొచ్చి చూసుకుంటారులే అన్నాడట. నాకు ఫోన్ చేద్దామనుకుని, మా తమ్ముడి పెళ్లి పనుల్లో నేను తీరిక లేకుండా ఉంటానని ఊరుకుందట.

నేను నమ్మలేదు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు కనిపించింది నాకు ఆవిడ వాలకం. నాది మొదటినుంచీ తొందర బుద్ధి, ఎదుటివాళ్లు నోరు విప్పేలోపు తీర్పు రాసేస్తాను. ఈవిడ మా కారు తీసుకుని ఆ గులకరాళ్ల మీద నేర్చుకున్నదంతా ప్రాక్టీసు చేసింది, లైట్లు ఆర్పడం మరిచిపోయింది, ఇప్పుడు నంగనాచిలా మాట్లాడుతోంది. అదీ నా తీర్పు.

"డ్రైవింగు నేర్చుకుంటున్నారు కదక్కా, సరదాపడి కాస్త నడిపి ఉంటారు. పరవాలేదులెండి," అన్నాను.

తిట్టినా అంత తగలదు. అది తెలిసే అలా అన్నాను. నడపలేదని ఆవిడ ఏదో గొణిగింది గానీ నేను అప్పటికే మెట్లెక్కుతున్నాను. ఆవిడ కోసమని అమ్మ వెల్లుల్లి ఎక్కువేసి కట్టిచ్చిన ఆవకాయ సీసా మా అలమరలోనే ఉండిపోయింది.

మర్నాడు పొద్దుగూకి మగ్రిబ్ బాంగు అయ్యాక బ్యాటరీ షాపు అతను కొత్తది పట్టుకుని వచ్చాడు. మా ఆయన దుమ్ము కొట్టుకుపోయిన కవరు లాగేసి, బానెట్ ఎత్తారు. పాతది తీసి కొత్తది పెట్టి, అతను రెండో వైరు బిగించగానే, వెనక వైపు నిలబడ్డ నాకు డిక్కీ అంచు వెంట సన్నటి వెలుగు గీత కనిపించింది. డిక్కీ పూర్తిగా పడలేదు. లోపలి చిన్న బల్బు వెలుగుతోంది.

మా ఆయన కూడా చూశారు. ఆవిడ డిక్కీ కూడా తెరిచిందన్నమాట, ఆ బల్బు అన్నాళ్లూ వెలుగుతూ ఉంటే బ్యాటరీలో ఏం మిగులుతుంది అన్నారు. షాపు అతనికి అదే హిందీలో చెప్పారు. అక్క వంటింటి కిటికీ సరిగ్గా అటువైపే ఉంది, తలుపులు తీసే ఉన్నాయి.

ఆ డిక్కీ ఆఖరున తెరిచింది ఎవరో నాకు అప్పుడు గుర్తొచ్చింది.

మేం బయల్దేరిన రాత్రి వర్జ్యం ఉందని అమ్మ ఫోన్‌లో చెప్పింది. పొద్దున్న మంచి ఘడియల్లోనే ప్రస్థానం పెట్టమంది. అంటే వెంట తీసుకెళ్లే వాటిల్లో ఒకటి ముందే గడప దాటించి, బయల్దేరేటప్పుడు దాన్ని తీసుకుపోవడం. అప్పుడు మంచి ఘడియలోనే ప్రయాణమైనట్టు లెక్క. మావైపు దాన్ని పక్కింట్లో పెడతారు. అక్క ఇంట్లో పెట్టి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ ఆవిడ మాటల్లో మా ఆయనకి చెప్పేస్తుందేమోనని భయం, ఆయనకి ఇలాంటివంటే వెటకారం. అందుకని పసుపు బొట్టు పెట్టిన చిన్న సంచీలో పాప గౌన్లు రెండు కుక్కి, గుట్టుగా డిక్కీలో పెట్టాను. రాత్రి ఎయిర్‌పోర్టు టాక్సీ హారన్ కొడుతుంటే, ఏదో మరిచిపోయానని వెనక్కి వెళ్లి, కవరు ఓ పక్క ఎత్తి సంచీ తీసుకున్నాను. గట్టిగా వేస్తే చప్పుడవుతుందని డిక్కీని అరచేత్తో మెల్లిగా నొక్కి, కవరు కిందికి లాగేశాను. ప్రయాణం మాత్రం శుభంగానే జరిగింది.

మా ఆయన ఇంకా అక్క గురించే అంటున్నారు. ఆవిడ కాదు, నేనేనని చెప్పాను. సంచీ సంగతీ చెప్పాను. ఆయన పగలబడి నవ్వి, ఆ కథంతా షాపు అతనికి హిందీలోకి మార్చి చెప్పారు. అతనూ నవ్వాడు. ఇప్పటికీ మా ఆయన నలుగురు చేరినచోట ఇదొక జోకుగా చెబుతారు. నేను మాత్రం ఆ కిటికీ వైపు చూడలేక తల దించుకున్నాను. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. అదొక్కటీ వినలేదు, వర్జ్యాలు మాత్రం విన్నాను.

ఆవకాయ సీసా పట్టుకుని కిందికి వెళ్లాను. చేతిలో ఆ సీసా ఉన్నందుకే ఇంకా సిగ్గేసింది, లంచం పట్టుకెళ్తున్నట్టు. గడపలోనే నిలబడి మొత్తం చెప్పేశాను. నాలుగు మాటలు అంటుందనుకున్నాను. అంటే బాగుండునని కూడా అనుకున్నాను. ఆవిడ తన చేతులకేసి చూసుకుంది.

"అంటే నా చెయ్యి తోటి కాలేదన్నట్టేనా చెల్లె?"

ఆ తాళం తిప్పిన రోజు తరువాత ఆవిడ డ్రైవింగు క్లాసుకి వెళ్లలేదు. నేర్పేవాడు ఫోన్ చేస్తే రానని చెప్పేసింది. క్లాసు బయట ముట్టుకున్న మొదటి బండే కదలకుండా పోయింది, తన చేతికి బండి అచ్చిరాదని తేల్చేసుకుంది. మేం వచ్చేదాకా ఆ భయంతోనే ఉంది. నేనొచ్చి దాని మీద ఇంకో రాయి వేశాను. నాకు చచ్చేంత సిగ్గేసింది, ఏడుపొచ్చింది. కొత్త బ్యాటరీ వేశాం, వచ్చి మీ చేత్తో స్టార్ట్ చెయ్యండక్కా అని బతిమాలాను. ఇప్పుడెందుకులే అంది. సీసా రెండు చేతులతో అందుకుని, అమ్మ మోకాళ్ల నొప్పులు ఎట్లున్నాయని అడిగింది.

సీసా కడిగి, నిండా సకినాలు పోసి తిరిగి పంపింది. ఎప్పటిలాగే మాట్లాడుతుంది, ఎప్పటిలాగే జావ కాచి ఇస్తుంది. క్లాసుల మాట ఎత్తితే మాత్రం పొయ్యి మీద ఏదో ఉందని లేచి వెళ్తుంది. చలి మొదలయ్యాక శుక్రవారాలు కూరగాయలకి ఆవిడని మా కార్లోనే తీసుకెళ్తున్నాను. నా పక్క సీట్లోనే కూర్చుంటుంది, చేతులు ఒళ్లో పెట్టుకుని.

పోయిన శుక్రవారం కూరగాయల దుకాణం బయట నా రెండు చేతుల్లో సంచులున్నాయి. వేళ్లకి తగిలించుకున్న తాళం జారిపోతుంటే, కాస్త పట్టుకోమని ఆవిడ వైపు చాపాను. ఆవిడ చేతులు వెనక్కి తీసుకుంది.

"నువ్వే పట్టు చెల్లె. సంచులు ఇటియ్యి."

సంచులన్నీ తీసుకుని, కారు దాకా ఆవిడే మోసింది. నేను తాళం పట్టుకుని ముందు నడిచాను.