ఎడిసన్ తుడిచేసిన పొద్దున

లా తేహా పేటలో ఎడిసన్ బెంటంకోర్‌ని ఎరగనివాళ్ళు లేరు. పిండేసి ఆరేయడం మరిచిన గుడ్డలా ఉంటుంది వాడి మొహం. పేట ఆసుపత్రిలో ఎవరికే జబ్బు, ఎవరికెంత మందు, అదంతా దాచిన కంప్యూటర్లకి కాపలా వాడు. క్లౌడంటారు గానీ ఆకాశంలో ఏం లేదు, పరాయివాడి షెడ్డులో అద్దెకున్న కంప్యూటర్లే. వాటిలో ప్రోగ్రాముల్ని కంటైనర్లనే డబ్బాల్లో పెడతారట. ఒక డబ్బా చస్తే దానంతటదే ఇంకోటి లేచి పనందుకుంటుంది. ఏడ్చేవాడుండడు. ఎడిసన్ పడితే మాత్రం లేచేవాడెవడూ లేడు. అందుకే వాడి జేబులో ఫోను పెళ్ళి విందులోనూ మూలుగుతుంది, స్నానాలగదిలోనూ మూలుగుతుంది.

"దాన్నే కట్టుకోవాల్సింది, నాకైనా నిద్ర పట్టేది," అంటుంది పెళ్ళాం మిర్తా.

ఆ సోమవారం నిద్రలేక వాడి కళ్ళు నిలబడ్డంలేదు. తెర మీద రెండు కిటికీలు. ఒకటి పరీక్షలకి పెట్టుకున్న ఉత్తుత్తిది, ఒకటి అసలుది. రెండూ నల్లగా కవలల్లా ఉంటాయి. ఉత్తుత్తిదనుకుని అసలుదాన్ని తుడిచిపారేశాడు.

మేనేజరమ్మ యనీనా పరిగెత్తుకొచ్చింది. "మూడూళ్ళల్లో మూడు నకళ్ళున్నాయిగా ఎడిసన్!"

"ఉన్నాయమ్మా. నేను తుడవగానే అవీ తుడుచుకున్నాయి. చెప్పిన మాట వినే పిల్లలు."

"పైవాళ్ళు అడిగితే ఏమని చెప్పను?"

"నేనే తుడిచానని చెప్పు. అబద్ధమాడే ఓపిక కూడా లేదు."

ఇక దిక్కల్లా రోజూ తెల్లారకముందే విడిగా తీసి దాచే నకలు. అది బతికుందో లేదో ఎవరు చూశారు? శుక్రవారాల్లో తెరిచి చూసేవాడే, ఈమధ్య ఒళ్ళు సహకరించక మానేశాడు. దాన్నే తెచ్చి ఎక్కించాడు. లేచింది తల్లీ, లేచింది! కానీ ఆ పొద్దున డాక్టర్లు మార్చిన మందులు అందులో లేవు. పాత మోతాదే మింగి ఎవరైనా పోతే?

పొద్దున వచ్చినవాళ్ళందర్నీ ఫోన్లు చేసి వెనక్కి రప్పించారు. వరండాలో డాక్టరొకవైపు, ఎడిసనొకవైపు కుర్చీలేసుక్కూచున్నారు. గుండెజబ్బు ముసలమ్మ నిల్దా కర్ర ఊపుకుంటూ వచ్చింది.

"పొద్దున చెప్పిందంతా మళ్ళీ చెప్పాలా? ఎవడ్రా అదంతా మింగింది?"

"నేనే అమ్మా."

"ఒప్పుకున్నావు గనక బతికిపోయావు. ఇకనుంచి సగం మాత్రే అన్నాడు డాక్టరు, రాసుకో. నీ వాలకం చూస్తే నాకంటే ముందే పోయేట్టున్నావు. ఇదిగో, రెండు గుక్కలు పీల్చు," అని పీల్చే గొట్టంతో సహా తన మాతే ఆకు టీ సొరబుర్ర వాడి చేతిలో పెట్టింది.

డాక్టరు అవునన్న ప్రతిదీ ఎడిసన్ ఎక్కించాడు. ఆఖరి మనిషి గుమ్మం దాటేసరికి కుర్చీలోనే తల వాల్చేశాడు. జేబులో ఫోను మూలిగింది. యనీనా మెల్లిగా దాన్ని లాక్కుని అవతలికెళ్ళింది.

"చెప్పండి, ఇవాళ్టికి నేను చూస్తాను."

ఎడిసన్ కళ్ళు తెరవలేదు. చెయ్యి మాత్రం ఖాళీ జేబు తడుముతూనే ఉంది.