ఖరాబైన స్ప్రింగుకే మొదటి చాయ్

మా సెక్రటరీ అన్న పోయారన్న సంగతి నాకు ఉప్పల్‌లో నా షెడ్డు షట్టర్ సగం లేపి ఉండగా తెలిసింది. ఫోన్ చేసింది నాచారంలో ఆయన దగ్గర చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ఆపరేటర్. "అన్న లేడు సేటూ. దవాఖానాకు తీస్కపోయేలోపే పాణం పోయింది" అన్నాడు. నేను షట్టర్ దించి తాళం వేశాను.

బోడుప్పల్‌లో ఆయన ఇంటి నుంచి పాడె లేచినప్పుడు మోసిన నలుగురూ స్ప్రింగులు తయారుచేసేవాళ్లే. అంటే ఆయన పోటీదారులు. వాళ్లలో నేనొకణ్ని. దారిలో ఒక పెద్దమనిషి నా భుజం మీది పాడెను తన భుజానికి మార్చుకుంటూ, మీరు ఆయనకు ఏమవుతారని అడిగాడు. ఆయన మాల్ వేసే కంపెనీలకే మేమూ మాల్ వేస్తామని చెప్పాను. ఆయన నా వైపు వింతగా చూశాడు. ఒకే గిరాకీ కోసం కొట్లాడుకునేవాళ్లు ఒకరి పాడె ఒకరు మోయడం ఆయన చూసి ఉండడు. సంఘంలో చేరకముందు నేనూ చూడలేదు.

మా సంఘం పెద్దదేమీ కాదు. ఉప్పల్, నాచారం, చర్లపల్లి షెడ్లలో స్ప్రింగులు చేసే చిన్న వాళ్లం కలిసి పెట్టుకున్నది. తాళంలో, స్విచ్చులో, పంపులో ఎక్కడో లోపల ఉండి, విరిగిన రోజే గుర్తొచ్చే వస్తువు మాది. ఆ సంఘానికి ఆయన సెక్రటరీ. ఏటా ఎన్నిక పెట్టేవాళ్లం. ఏటా ఆయన ఈసారి నన్ను వదలండ్రి అనేవారు. ఎవరమూ వదల్లేదు.

ఆయన మొదటిసారి నా షెడ్డుకు వచ్చింది ఒక ఎండాకాలం మధ్యాహ్నం. పాత స్కూటర్ బయట ఆపి, తలకు కట్టుకున్న తువ్వాలతో మొహం తుడుచుకుంటూ లోపలికి వచ్చారు. నేను జనగామ వైపు పల్లె నుంచి వచ్చి, హెల్పర్‌గా చేరి, పక్కవాళ్ల చేతులు చూసి పని నేర్చుకున్నవాణ్ని. నాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. అందుకే నేను నేర్చుకున్నది ఎవరి కంటా పడకూడదని కిటికీకి పాత ఫ్లెక్సీ కట్టి ఉంచాను. ఆయన ముందు దాన్నే చూశారు.

"ఏంది తమ్మీ, లోపల పెండ్లిపిల్లను దాసినవా?"

ఎండ పడుతుందని కట్టానన్నాను.

"నీ మిషన్ సెట్టింగ్ నేను సూడొద్దని కట్టినవ్. నేను గూడ కట్టుకున్న ఒకప్పుడు. నాది పరదా, నీది ఫ్లెక్సీ. గంతే ఫరక్."

ఆ రోజు ఆయన సంఘం గొప్పలు ఏమీ చెప్పలేదు. నా దగ్గరున్న వైరు చుట్టను చేతిలోకి తీసుకుని, ఇది ఏ మిల్లుదని అడిగారు. నాకు తెలియదు. డీలర్ ఇచ్చిందే వైరు, చెప్పిందే గ్రేడు. నాలాంటి వాడికి మిల్లు నేరుగా ఒక్క చుట్ట పంపదు. పది మంది కలిసి అడిగితే పరీక్ష కాగితంతో సహా లారీ పంపుతుందన్నారు. ఆ ఒక్క మాట చెప్పి, వైరు కింద పెట్టి, నీళ్లు తాగి వెళ్లిపోయారు. మళ్లీ వచ్చారు. మళ్లీ వచ్చారు. ఆయన్ని ఆపడానికి సంఘం చందా కట్టాను. రోజూ లెక్క రాసుకునే అలవాటు నాది. ఆ చందాను ఏ ఖాతా కింద రాయాలో తెలియక దానధర్మాల కింద రాశాను.

నెలకోసారి ఆదివారం ఆయన షెడ్డులోనే మీటింగ్ జరిగేది. మిషన్ల మధ్య ఒక ఇనుప బల్ల, చుట్టూ స్టూళ్లు, బోర్లించిన డబ్బాలు. చాయ్ ఆయనే పోసేవారు. కానీ ఒక పద్ధతి ఉండేది. పోయిన నెలలో ఎవరి దగ్గర పని చెడిపోయిందో వాళ్లు ఆ చెడిన స్ప్రింగును తెచ్చి బల్ల మీద పెట్టాలి. పెట్టినవాడికే మొదటి చాయ్. బాగా వచ్చిన ముక్క తెచ్చి చూపించుకునేవాడికి చివర్న, చల్లారినది. "మంచిగొచ్చింది కంపెనీకి సూపియ్యి, పైసలొస్తయి. మాకెందుకు?" అనేవారు.

ఇంకో పద్ధతి, ఆ బల్ల మీద రేటు మాట రాకూడదు. ఎవరు ఎంతకు అమ్ముతున్నారో అడగకూడదు, చెప్పకూడదు. "రేటు కాడ బజార్ల కొట్లాడుండ్రి. ఇరిగిన స్ప్రింగు కాడ మాత్రం కొట్లాట లేదు." ఒకసారి కొత్తగా చేరిన ఒకాయన, అందరం కలిసి రేటు పెంచుదామని మొదలుపెట్టాడు. సెక్రటరీ అన్న అతని ముందున్న గ్లాసు తీసి, దాన్ని కడిగి బోర్లించారు. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. ఆ మాట మళ్లీ రాలేదు.

మొదట్లో నేను వెనక డబ్బా మీద కూర్చుని, చాయ్ తాగి, ఒక్క మాట మాట్లాడకుండా తిరిగి వచ్చేవాణ్ని. నా దగ్గర చెడిన ముక్కలు లేక కాదు.

తర్వాత ఒక తాళాల కంపెనీ పని నాకు దొరికింది. అప్పటికి నా షెడ్డు మొత్తం ఆ ఒక్క పని మీదే నడుస్తోంది. జింక్ పూత వేసిన చిన్న స్ప్రింగులు. నేను పంపేటప్పుడు బాగానే ఉండేవి. వాళ్లు డబ్బా తెరిచేసరికి కొన్ని విరిగి ఉండేవి. ఎవరూ సాగదీయలేదు, నొక్కలేదు, డబ్బాలో ఉన్నవి ఉన్నట్టే విరిగాయి. ఒక లాట్ వాపసు వచ్చింది. వైరు మార్చాను. రెండో లాట్ కూడా వచ్చింది. మూడోది వస్తే ఇక పంపొద్దన్నారు.

ఆ నెల మీటింగ్‌కు ఒక విరిగిన ముక్క జేబులో వేసుకుని వెళ్లాను. తీయాలని వెళ్లాను గానీ, ఎదురుగా కూర్చున్న మనిషిని చూసి చెయ్యి జేబులోనే ఉండిపోయింది. చర్లపల్లిలో షెడ్డు ఉన్న ఆయన్ని అందరం బావ అంటాం. అదే తాళాల కంపెనీకి ఆయనా మాల్ వేస్తాడు. నా పని పోతే ఆయనకే వెళ్తుంది.

సెక్రటరీ అన్న కేతలి పట్టుకుని నా దగ్గరికి వచ్చి ఆగారు. గ్లాసులో పోయలేదు. "తమ్మీ, జేబుల చెయ్యి పెట్టుకోని చాయ్ ఎట్ల తాగుతవ్?" అన్నారు మెల్లగా.

తీసి బల్ల మీద పెట్టాను. బావే ముందు అందుకున్నాడు. విరిగిన చోటు వెలుగులో తిప్పి చూశాడు.

"పూత ఏపించినంక ఓవెన్ల పెడ్తున్నవా?"

ముందే పెడుతున్నానని చెప్పాను.

"ముందుగాల పెట్టేది ఏరే. పూతకు ముందు యాసిడ్ల ముంచుతరు సూడు, అప్పుడు ఇనుములకు గ్యాస్ పోతది. గది లోపల్నే ఉండి ఇరగ్గొడ్తది. పూత అయినంక కొన్ని గంటలల్ల మళ్ల ఓవెన్ల పెట్టాలె. నాకు ఎరుకయ్యేసరికి నా లాట్లు నీకంటె ఎక్కువనే పోయినయి."

అంతే. నేను నిద్రపోకుండా వెతికిన సమాధానం, దాన్ని దాచుకుంటే లాభపడే మనిషి నోటి నుంచి వచ్చింది. కానీ పూత వేసే అతని దగ్గర ఓవెన్ లేదు, మాల్ నా షెడ్డులోని ఓవెన్‌కు తిరిగి వచ్చేసరికి ఆ గంటలు దాటిపోయేవి. నా ఒక్కడి కోసం అతను పెట్టడు. సెక్రటరీ అన్న మరునాడే మా అందరినీ తీసుకుని అతని దగ్గరికి వెళ్లారు. ఇంతమంది పని నీకే వస్తుంది, ఓవెన్ పెట్టు అన్నారు. అతను పెట్టాడు. మూడో లాట్‌లో ఒక్కటీ విరగలేదు. ఆ సాయంత్రం నేను ఫ్లెక్సీ విప్పేశాను. చందాను పనిముట్ల ఖాతాలోకి మార్చాను. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

సెక్రటరీ అన్న నా ముక్కను పారేయలేదు. షెడ్డులో గోడకు ఒక వైరు దండలా వేలాడేది. బల్ల మీదికి వచ్చిన చెడిన స్ప్రింగులన్నీ దానికి గుచ్చి ఉండేవి. వేరేవాళ్లు సన్మానం ఫోటోలు పెట్టుకునే చోట ఆయన దాన్ని పెట్టుకున్నారు. ఏది ఎవరిదో రాసి ఉండదు. ఒకసారి నాది ఏదని అడిగాను. "ఎరుకలేదు. ఇప్పుడు అందరివి" అన్నారు.

కొన్ని అలవాట్లు చెప్పాలి. స్ప్రింగును కొలత పరికరంలో పెట్టేముందు బొటనవేలితో ఒకసారి నొక్కి, కళ్లు మూసుకునేవారు. పనివాళ్లు తిన్నాకే టిఫిన్ డబ్బా తెరిచేవారు. మా కోసం కరెంటు ఆఫీసుకు వెళ్లినప్పుడు సంఘం లెటర్‌హెడ్ మడత పడకుండా చొక్కా లోపల పెట్టుకునేవారు. ఒక్కడిగా వెళ్తే గేటు దగ్గరే ఆపిన మనుషులు, ఆ కాగితం చూసి కుర్చీ వేసేవారు. "కుర్చీ నాకు కాదు తమ్మీ, మీ అందరికి. నేను జర ముందు కూసున్న" అనేవారు.

ఆయన పోయిన కొన్ని రోజులకు నాకొక ఫోన్ వచ్చింది. నారపల్లి దాటాక ఉన్న ఒక పంపుల కంపెనీ కొనుగోళ్ల ఆఫీసర్. సెక్రటరీ అన్న షెడ్డుకు ఇచ్చిన వాల్వు స్ప్రింగుల ఆర్డర్ గడువు దగ్గర పడిందని, ఆ షెడ్డు ఇక నడుస్తుందో లేదో తెలియదని, మీ పేరు మీద తీసుకుంటారా అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు. ఆయన ఇబ్బంది ఆయనది.

ఆ ఆర్డర్ పోతే ఆ షెడ్డు నిలబడదని నాకు తెలుసు. అక్కడి పనివాళ్ల బతుకు, సెక్రటరీ అన్న బిడ్డ చేతిలోకి వచ్చిన పని, రెండూ దాని మీదే ఉన్నాయి. ఆ అమ్మాయి ఆఫీసు పని, కొలతల పరీక్ష చూసుకునేది. మిషన్ సెట్టింగ్ మాత్రం తండ్రే చేసేవారు.

"ఆర్డర్ ఆ షెడ్డుది సార్. ఆ షెడ్డు నుంచే వస్తది" అన్నాను.

రాకపోతే ఎలా అని అడిగాడు.

"వస్తది."

ఫోన్ పెట్టేసి నాచారం వెళ్లాను. షట్టర్ సగం దించి ఉంది. లోపల ఆయన బిడ్డ, ఆపరేటర్ మిషన్ దగ్గర నిలబడి ఉన్నారు. పని ఎట్లా నడుస్తోందంటే, బాగానే నడుస్తోంది కాకా అంది. ఆ జవాబు నాకు కొత్త కాదు, నేనూ చాలా కాలం అదే చెప్పాను. ఆదివారం మీటింగ్ ఇక్కడే పెడదామా అని మాత్రం అడిగాను. తల ఊపింది.

ఆదివారం అందరం వచ్చాం. బల్ల అదే, డబ్బాలు అవే. ఆపరేటర్ చాయ్ కేతలి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. అప్పుడు ఆ అమ్మాయి దుప్పట్టా కొంగులో మూటకట్టిన స్ప్రింగును తీసి బల్ల మీద పెట్టింది.

"ఒక్కసారి నొక్కితే మళ్ల పూర్తి పొడుగుకు వస్తలేదు. నాయిన ఎంత పొడుగు ఎక్కువ సుట్టెటోడో నాకు చెప్పలే. రెండుసార్లు చేసినం. రెండూ గిట్లనే ఖరాబైనయి."

బావ లేచాడు. కేతలి అందుకుని మొదటి గ్లాసు ఆమె ముందు పెట్టాడు. చాయ్ బల్ల మీద కొంచెం ఒలికింది.

"తాగు బిడ్డా. మీ నాయిన తెప్పించిన వైరు లాటే మేం పంచుకున్నం. అదే వైరు నేను గూడ వాడుతున్న. నొక్కితే అది ఎంత కూసుంటదో, ఎంత పొడుగు తగ్గుతదో నా కాడ లెక్క ఉన్నది. గంత పొడుగు ఎక్కువ సుట్టి, ఓవెన్ల నుంచి తీసినంక పూర్తిగ ఒకసారి నొక్కి ఇడువు. మళ్ల దిగదు."

తర్వాత నా వైపు తిరిగి, "పంపులోడు నీకు ఫోన్ చేసిండా?" అన్నాడు. చేశాడన్నాను. "నాకు గూడ చేసిండు. నువ్వేమో సార్ అన్నవంట. నేను గంత మర్యాదగ చెప్పలే." చాలా రోజుల తర్వాత ఆ షెడ్డులో నవ్వులు వినబడ్డాయి.

గడువులోపు ఆ ఒక్క మిషన్ మీద అంత మాల్ రాదు. పని మూడు షెడ్లు పంచుకున్నాం. ఇందులోనూ సెక్రటరీ అన్న పెట్టిన పద్ధతే: ఒకరి ఆర్డర్ ఇంకొకరు చేస్తే డబ్బా మీద మొదటివాడి పేరే ఉండాలి, చేసినవాడు కంపెనీ గేటు దాటకూడదు. నా షెడ్డులో చుట్టిన స్ప్రింగులు ఆయన పేరున్న డబ్బాల్లోకి వెళ్లాయి. ఆ వారం నా సొంత పని పక్కన పెట్టాను. నష్టమని అనిపించలేదు.

మాల్ ఇచ్చే రోజు టెంపో వెనకాలే నేనూ బావా బండి మీద వెళ్లాం. గేటు ఇవతలే ఆగాం. టెంపోతో ఆ అమ్మాయి ఒక్కతే లోపలికి వెళ్లింది. మేం రోడ్డు అవతల ఎండలో నిలబడ్డాం. ఆమె బయటికి వచ్చినప్పుడు టెంపో ఖాళీగా ఉంది. చేతిలో కొత్త ఆర్డర్ కాగితం ఉంది. దాని మీద ఆయన షెడ్డు పేరే ఉంది.

ఇది చదివేవాళ్లలో చిన్న షెడ్డు ఒంటరిగా నడుపుకునేవాళ్లు ఉంటారు. సంఘంలో చేరితే ఏమొస్తుందని నన్ను అడుగుతుంటారు. వైరు వస్తుంది, ఓవెన్ వస్తుంది, ఆఫీసులో కుర్చీ వస్తుంది. ఇవన్నీ నిజమే. కానీ జేబులోని విరిగిన ముక్కను తీసి పెట్టడానికి ఒక బల్ల దొరకడం నాకు వీటన్నిటికంటే పెద్దదిగా కనబడుతుంది. ఆయన మాకిచ్చింది ఆ బల్ల. దాన్ని ఎత్తేయనివ్వం.

మాల్ ఇచ్చిన రోజు సాయంత్రం నాచారం షెడ్డులో ఆ అమ్మాయి స్టూలెక్కి, తన చెడిన స్ప్రింగును గోడ మీది దండకు గుచ్చింది. తర్వాత దిగి మిషన్ ఆన్ చేసింది. నేల అదిరినప్పుడల్లా ఆ స్ప్రింగులన్నీ సన్నగా వణుకుతాయి. ఆమెది చివరన ఉంది, ఇంకా తుప్పు పట్టలేదు. పాతవాటి పక్కన కొద్దిగా మెరుస్తూ, వాటితో పాటే వణుకుతోంది.